బెరడు తరుగు

ఆమెను అందరూ టేపమ్మ అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల మీద తప్ప ఇంకెక్కడా పనికిరావడం లేదు. అడవిలో చెట్ల చుట్టుకొలతలు రాయడం ఆమె ఉద్యోగం. టేపు చుట్టేది మేనమామ, పుస్తకంలో రాసేది ఆమె. "దర్జీ అన్నా ఏడాదికి ఒక్క బట్ట కుట్టి ఇస్తాడు, నువ్వు కొలతలు తీసుకుని వదిలేస్తావేంటే" అని మేనమామ వెక్కిరిస్తుంటాడు.

వెక్కిరించడానికి ఆయనకు హక్కుంది. ముప్పై ఏళ్ళు ఇదే అడవిలో రంపం పట్టి చెట్లు కొట్టినవాడు. నడుము పట్టేసి రంపం దించాక, ఈ పనిలో పెట్టుకోమని పై అధికారుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది మేనకోడలే. "చెట్లు కొట్టినవాడికి చెట్ల కాపలానా?" అని వాళ్ళు నవ్వారు. "మా మామయ్యకు నేను పూచీ" అంది ఆమె. ఆ మాటే ఈరోజు మెడకు చుట్టుకునేలా ఉంది.

పని పెద్ద కష్టమైనదేం కాదు. ఎక్కడో పొగ వదిలే కంపెనీలు, ఆ పొగలోని కార్బన్‌ను లాగి దాచుకున్న చెట్లు నరికివేతకు గురికాకుండా డబ్బు కడతాయి. ఈ లెక్కనే కార్బన్ క్రెడిట్లంటారు. లావు చెట్టులో ఎక్కువ కార్బన్, సన్న చెట్టులో తక్కువ. కాబట్టి కొలతలు తీయాలి, తీసినవి నిజమేనని బయటి మనిషి వచ్చి చూడాలి. అటవీ ఆఫీసు బల్ల మీద రెండు ఫైళ్ళు ఎదురుచూస్తున్నాయి. తనిఖీ ఆయన సంతకం పెడితే ముప్పై ఏళ్ళ పాటు చెట్ల మీద గొడ్డలి పడకుండా ఒప్పందం జరుగుతుంది. పెట్టకపోతే నెలాఖరుకు రెండో ఫైలు కదులుతుంది. అది కలప కంపెనీది.

ఆ తనిఖీ ఆయన పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి, మాట పొదుపు. రేకుల గదిలో టీ ఇస్తే తాగాడు గానీ బాగుందని అనలేదు. టేపమ్మ దగ్గర కొలతల పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకుని, తన టేపు తాను తెచ్చుకుని, కొలతల కోసం అడవిని విడగొట్టిన ముప్పై ప్లాట్లలో తనకు తోచిన ప్లాటు పేరు చెప్పి పదండన్నాడు.

మొదటి చెట్టు. కాండం మీద గీసిన ఎర్ర గీత దగ్గర టేపు చుట్టాడు. నూట పన్నెండు సెంటీమీటర్లు. పుస్తకంలో నూట ఐదు.

రెండో చెట్టు అరవై మూడు. పుస్తకంలో యాభై ఆరు.

మూడోది నూట ఎనభై ఏడు. పుస్తకంలో నూట ఎనభై.

టేపమ్మ లెక్కేసుకుంది. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. ఏడు! కొలిచింది పోయిన నెలలోనే. నెలకు ఏడు సెంటీమీటర్లు లావెక్కడానికి చెట్లేమన్నా పెళ్ళిళ్ళకు తిరుగుతున్నాయా? మేనమామ వైపు చూసింది. ఆయన చెట్టు కొమ్మల్లోకి చూస్తూ నిలబడ్డాడు, తనకేం సంబంధం లేనట్టు.

తనిఖీ ఆయన పుస్తకం మూశాడు.

"అమ్మా, ఉన్నమాట చెప్పండి. ఇవి ఇక్కడికొచ్చి కొలిచినవా? ఇంట్లో కూర్చుని రాసినవా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఈ అడవిలో జలగలకు ఆమె ఇచ్చినంత రక్తం ఆస్పత్రికి ఇచ్చి ఉంటే ఇంటి నిండా సర్టిఫికెట్లు ఉండేవి. కోపం నెత్తికెక్కింది.

"మామయ్యా, టేపు తియ్యి. ఆ మొదటి చెట్టు మళ్ళీ కొలువు. సారు చూస్తారు."

సారు చూడలేదు. పక్కన ఒక వేరు మీద కూర్చుని మేజోడులోంచి జలగను లాగుతున్నాడు. మేనమామ టేపు చుట్టాడు, సరిచేశాడు, పెదాలు కదిపాడు.

"నూట ఐదు."

టేపమ్మ చెయ్యి అలవాటుగా జేబులోని చిత్తు కాగితం మీదికి వెళ్ళింది. అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇన్ని రోజుల్లో తను ఒక్కసారి కూడా టేపు వంక చూడలేదు. వాన తగలకుండా పుస్తకాన్ని కడుపుకు హత్తుకుని, వీపు తిప్పి, ఆయన అరిచింది రాసుకుపోయింది. ముందుకు వంగి చూసింది. టేపు మీద నూట పన్నెండు.

"మామయ్యా, ఇక్కడ నూట పన్నెండు ఉంటే నూట ఐదంటావేం?"

ఆయన ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"బెరడు తీసెయ్యొద్దా మరి?"

"బెరడేంటి?" అంది ఆమె.

"ఇలాంటి చెట్టుకు నాలుగు వేళ్ళు బెరడు తరుగు పోతుంది కదే! కలప డిపోలో దుంగ దించామంటే తరుగు తీసే చెప్పాలి. తీయకుండా చెప్పినవాడు దొంగ. ముప్పై ఏళ్ళలో నన్నెవడూ దొంగనలేదు."

తనిఖీ ఆయన ఇంకా జలగతోనే కుస్తీ పడుతున్నాడు. వినలేదు. టేపు సాగిపోయిందనో, కొత్తవాడెవడో కొలిచాడనో చెప్పేస్తే? ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మేనమామ ముఖం చూస్తే ఆ మాట పెగల్లేదు. తప్పు చేశానన్న అనుమానం కూడా ఆ ముఖంలో లేదు.

"సార్," అంది. "తప్పు దొరికింది. మాదే."

నాలుగు వేళ్ళ బెరడు తరుగు కిందే ఆ ఏడు సెంటీమీటర్లు పోయాయని, అంతా చెప్పింది. పూచీ పడింది తనేనని, టేపు చూడకుండా రాసింది కూడా తనేనని చెప్పింది. మేనమామకు విషయం అర్థమయ్యే కొద్దీ ముఖం పాలిపోయింది. మెడలోని తువ్వాలు తీసి చేతిలో నలపడం మొదలుపెట్టాడు.

తనిఖీ ఆయన పుస్తకాన్ని తన వైపుకు తిప్పుకుని, వాళ్ళకు కనబడకుండా తెరిచాడు.

"పెద్దాయనా, అన్ని చెట్లకూ నాలుగు వేళ్ళేనా?"

"అదెలా అవుతుందండీ? బెరడును బట్టి."

"అయితే రండి. నేను చూపించిన చెట్టుకు ఎంత తరుగు తీశారో మీరు చెప్పండి. తర్వాత నేను కొలుస్తాను."

నున్నటి తెల్ల చెట్టు దగ్గర ఆగాడు. మేనమామ అరచేత్తో కాండం నిమిరాడు. "పల్చన. రెండు వేళ్ళు." తనిఖీ ఆయన టేపు చుట్టాడు, పుస్తకం చూశాడు. తేడా మూడు. ఇంకో చెట్టు, పగుళ్ళు పగుళ్ళుగా ఉన్నది. "గుల్ల బెరడు సార్. ఆరు వేళ్ళు తీసుంటాను." తేడా పదకొండు. అవతలి ప్లాటుకు వెళ్ళారు. నాలుగు, నాలుగు, రెండు, ఆరు. వాన మొదలైంది. ఎవరూ ఆగలేదు. టేపమ్మ మాత్రం ప్రతి చెట్టు దగ్గరా పుస్తకం వంక చూసే ఆ కళ్ళనే చూస్తూ నడిచింది. ఇరవై మూడు చెట్లు. ఒక్కటీ తప్పలేదు.

చివరికి తనిఖీ ఆయన ఒక పెద్ద చెట్టు కింద నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇంట్లో కూర్చుని రాసినవాడికి ఏ చెట్టుకు ఏ బెరడో తెలియదు. అందాక ఒప్పుకుంటున్నాను. నేను చూడాల్సింది ఇంకొకటుంది. లేని కార్బన్‌ను ఉందని చెప్పి అమ్ముతున్నారా అన్నది. మీరు ఉన్నదాన్ని కూడా తక్కువ చేసి చెప్పారు." మొదటిసారి నవ్వాడు. "పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, తక్కువ చెప్పినవాళ్ళు తగల్లేదు. ఆ తక్కువకే సంతకం పెడతాను. వచ్చే తనిఖీలోగా అన్నీ మళ్ళీ కొలవండి. ఈసారి మీరు కూడా టేపు చూడండమ్మా."

"చూస్తాను సార్! నెత్తిన పాలు పోశారు!"

ఆమె తడి ఆకుల మీదే చతికిలబడి, నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తుంటే మొహాన్ని చేతుల్లో దాచుకుంది. తనిఖీ ఆయన మర్యాదగా అటు తిరిగి ఇంకో జలగ కోసం వెతుక్కున్నాడు. మేనమామ మాత్రం ఇంకా తువ్వాలు నలుపుతూనే ఉన్నాడు.

"పిల్లా, ఒక్కటి చెప్పు. ఈ చెట్టుకు బెరడు ఎవరూ తియ్యరా?"

"కొడితే కదా మామయ్యా తీసేది!"

"ఎప్పటిదాకా?"

"ముప్పై ఏళ్ళు. సారు సంతకం పెడుతున్నారుగా."

ముప్పై ఏళ్ళు. తను రంపం పట్టినంత కాలం. ఆయన పెద్ద చెట్టు దగ్గరికి వెళ్ళి, ఎర్ర గీత మీద టేపు చుట్టాడు. పెదాలు అలవాటుగా కదిలాయి. మధ్యలో ఆగాయి. టేపమ్మ లేచి వచ్చి, భుజం మీదుగా వంగి అంకె చూసింది.

"రెండువందల నాలుగు," అన్నాడు ఆయన గట్టిగా, డిపోలో పిలిచినట్టు. "బెరడుతో సహా."