ఐదో మనిషి

మొగిలయ్య మోకాలికి నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుంటే బ్లెస్సన్ పక్కనే నిలబడి చూశాడు. ఆపలేదు సరికదా, "ఏం గాదన్నా, నేను గూడ ఏసుకున్న," అని ధైర్యం చెప్పాడు. ఆ మాట తర్వాత అతన్ని చాలా రోజులు పీక్కుతింది.

ఫుట్‌బాల్ ఆట మొదలైన పావుగంటకే మొగిలయ్య కూలబడ్డాడు. ఆ ఉప్పల్ గ్రౌండులో కుర్చీలకు కొదవ లేదు గానీ స్ట్రెచర్ లేదు. క్లబ్బు యజమాని, కాంట్రాక్టర్ చిదంబరం గారి నవ్వు ముఖం ఉన్న ఫ్లెక్సీ బోర్డు ఒకటి ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి మోసుకెళ్లారు. ఎడమ అంచున ఉరికే వింగర్ బ్లెస్సన్. అతని వెనక కాపు కాసే డిఫెండర్ మొగిలయ్య. ఎనిమిదేళ్లుగా వెనక్కి తిరిగి చూడకుండానే ఒకరి కేక ఒకరికి అర్థమయ్యేది.

మొగిలయ్య ఇక ఆడలేడని దవాఖానాలో తేల్చేశారు. ఆపరేషన్ సంగతి అడగబోతే క్లబ్బు ఆఫీసు ఒక కాగితం ముందు పెట్టింది. ప్రతి ఆటకు ముందు అందరూ సంతకం చేసే కాగితమే అది. ఇంగ్లీషులో ఉంటుంది. బూట్ల లేసులు కట్టుకుంటూ గీకేస్తారు, ఎవడూ చదవడు. తనకు ఏ దెబ్బా లేదనీ, మందు తన ఇష్టంతోనే తీసుకున్నాడనీ, ఏం జరిగినా క్లబ్బుకు సంబంధం లేదనీ అందులో ఉంది. కింద మొగిలయ్య సంతకం. దాని కింద సాక్షిగా కెప్టెన్ సంతకం. ఆ కెప్టెన్ బ్లెస్సనే.

ఆదివారం ప్రార్థన అయ్యాక నాచారంలో బ్లెస్సన్ వాళ్ల ఇంటి డాబా మీద జట్టంతా కూడింది.

"నా సేత్తోని నేనే ముంచిన," అన్నాడు బ్లెస్సన్. "మల్ల వారం ఆడొద్దు. ఎవ్వరం పోవద్దు."

"పోకుంటె ఇంకో పదకొండు మందిని దెస్తడు. అంతే గద," అన్నాడు గోల్ కాసే గోలీ బిక్షపతి.

మొగిలయ్య స్థానంలోకి కొత్తగా వచ్చిన దామోదర్ లేచాడు. "మన రిలీజు కాగితాలు చిదంబరం గారి బీరువాలో ఉన్నాయండీ. ఆయన వదలకపోతే ఇంకే క్లబ్బూ తీసుకోదు. భీమవరం నుంచి ఈ ఆటనే నమ్ముకుని వచ్చాను. నన్ను వదిలేయండి."

"నీకేందిరా, మొగిలన్న కాలిరిగితె నీకు నౌకరి దొరికె," అన్నారెవరో. దామోదర్ తల దించుకున్నాడు. ఆ మాట అన్యాయం. కడుపు మండినవాళ్లు పక్కవాడి మీద పడటం ఎక్కడైనా ఉన్నదే, యజమానులకు కావలసిందీ అదే.

బ్లెస్సన్ తండ్రి దేవసహాయం నాచారం ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. మూల నుంచి నెమ్మదిగా మాట్లాడాడు.

"మేం సమ్మె జేసి ఇంటికాడ కూసున్నం బిడ్డా. ఎనక గేటుకెళ్లి కొత్తోళ్లను దోలిన్రు. మిషిన్లు ఒక్క పూట గూడ ఆగలె. బయట కూసుంటె ఆగదు. లోపటుండి ఆపాలె."

లోపలుండి ఆపడమెలాగని అందరూ లెక్కలు వేశారు. చివరికి బిక్షపతి, "ఏడుగురి కంటె తక్కువైతె రెఫరీ ఆట నడపడు," అన్నాడు.

అంటే ఐదుగురు బయటికి నడవాలి. అదీ కోచ్ మార్పులన్నీ వాడేసుకున్నాక. లేకపోతే బెంచీ మీదివాళ్లను దించుతాడు. అడిగేవి రెండే: మొగిలయ్య ఆపరేషన్ క్లబ్బే చేయించాలి, కాగితం తెలుగులో చదివి వినిపించాకే సంతకం. ఆరు చేతులు లేచాయి.

చిక్కల్లా బ్లెస్సన్‌తోనే. అతని మోకాలూ దెబ్బతిన్నదే; అది మొరాయించి, ఆట గంట దాటేసరికి కోచ్ అందరికంటే ముందు అతన్నే బయటికి పిలుస్తాడు. ఆటను ఆపాలంటే అతను చివరిదాకా ఆడాలి. ఆట రోజున సూది వద్దన్నాడు. నొప్పిని పంటి బిగువున పట్టి ఉరికాడు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, బతుకంతా ఆ ఒక్క మధ్యాహ్నానికే దాచుకున్నట్టు ఉరికాడు. అతన్ని తమ జట్టులోకి తీసుకుందామా అని చూడటానికే కోల్‌కతా నుంచి వచ్చిన పెద్ద క్లబ్బు మనిషి గ్యాలరీలో లేచి నిలబడ్డాడు. అది బ్లెస్సన్ కంట పడింది. ఈ పిలుపు కోసమే కదా పదిహేనేళ్లు ఎదురుచూశాడు.

ఆఖరి మార్పు అయిపోయింది. బ్లెస్సన్ బంతిని కాలి కింద ఆపాడు. తెల్ల గీత దాటకుండా ఉరకడమే అతని బతుకు. ఆ గీత దాటి బయటికి నడిచాడు.

బిక్షపతి గోల్ వదిలి వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. అంతే. మిగిలిన ఇద్దరి ఇళ్లకు ముందురోజే చిదంబరం మనుషులు వెళ్లొచ్చారు. వాళ్లు నేల చూపులు చూస్తూ ఉండిపోయారు.

రెఫరీ వేలితో లెక్కపెట్టాడు. ఏడుగురు. ఆట సాగవచ్చు.

బ్లెస్సన్ గీత బయట నిలబడి ఆ లెక్క చూశాడు. అన్నీ పోయాయి, ఆట మాత్రం ఆగలేదు. చిదంబరం గట్టు మీదికొచ్చి, "దామోదర్, నువ్వు మన జిల్లావాడివి. కానివ్వు, ఆడు," అన్నాడు.

దామోదర్ గీత పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ పొద్దున అతని మడమలోనూ సూది దింపారు. కాలు ఇంకా మొద్దుబారే ఉంది.

"సూది గుచ్చినప్పుడు ఏ జిల్లా అని అడగలేదు కదండీ," అని గీత దాటాడు.

ఆరుగురు. విజిల్ మోగింది. ఆట ఆగిపోయింది.

గొడవకు మూలం కెప్టెనే అని చిదంబరం చెప్పగానే పోలీసులు బ్లెస్సన్‌ను బూట్లతోనే జీపెక్కించారు. ఆటంతా అతని కాళ్ల మీద తన్నిన అవతలి జట్టు డిఫెండర్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మేం గూడ గసొంటి కాగితం మీదనే సంతకం బెడుతున్నం. ఆదివారం జర వచ్చి సదివి సెప్తవా?"

జీపు కదిలింది.

"నేను రాకుంటె దామోదర్ వస్తడు," అన్నాడు బ్లెస్సన్.