ఒక కిలో ఎక్కువ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ శనివారం ఆ కోపమే కొంప ముంచింది.

మా ఫుడ్ బ్యాంకులో కార్డులు చూసేది మా వదిన, బియ్యం కొలిచేది నేను. నలుగురి లోపు ఉన్న ఇంటికి రెండు కిలోల చిన్న డబ్బా, అంతకు మించితే మూడు కిలోల పెద్ద డబ్బా. పొద్దున్నే వదినతో మాటా మాటా అనుకుని మూతి ముడుచుకుని కూర్చున్నానా, ఆమె చిన్నదన్నా పెద్దదన్నా వినకుండా చేతిలో ఉన్న పెద్ద డబ్బాతోనే పోసేశాను. పదకొండింటికల్లా గోతం ఖాళీ. వరసలో ఇంకా పన్నెండు ఇళ్లవాళ్లు, అన్నీ చిన్న కార్డులే. మళ్లీ శనివారం దాకా బియ్యం బండి రాదు.

చివరన ఇద్దరు పిల్లలతో బట్టలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. నిన్నటి నుంచి పిల్లలకు టీ నీళ్లే పోశానని వదినతో చెప్పిందట. ఏ మొహం పెట్టుకుని ఆవిడకి లేదని చెప్పను?

అంతలో పొద్దున అందరికంటే ముందు బియ్యం తీసుకెళ్లిన హమాలీ తిరిగొచ్చాడు. అతని వెనకే, బస్టాపులో ఉన్నవాళ్లంతా, సంచులతో సహా.

"అక్కా, మేం ముగ్గురమే. ఇది మూడు కిలోలుంది," అన్నాడు.

మూటలు మోసే చేతికి బరువు తెలిసిపోయిందట. బస్టాపులో అందరి సంచులూ ఎత్తి చూశాడట. ఆ దారికున్న ఒక్క బస్సునూ వదిలేసి వచ్చారు.

చిన్న డబ్బాతో తమ రెండు కిలోలు తాము కొలుచుకుని, మిగిలింది గోతంలో పోశారు. ఇరవై ముగ్గురు. తప్పెవరిదని ఒక్కరూ అడగలేదు. రేపటి తిండికి భరోసా లేని మనుషులు చేతికొచ్చిన బియ్యం వెనక్కి పోస్తున్నారు. ఇన్నాళ్లూ తోసుకోకండంటూ నేను అరిచింది వీళ్ల మీదేనా!

పదకొండు ఇళ్లకి సరిపోయింది. కుట్టే ఆవిడ వంతుకి డబ్బా సగమే నిండింది. ఒక కిలో తక్కువ.

అదెక్కడుందో నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఈ బియ్యమే వండుతాం. ఇంట్లో ఉండేది ఇద్దరమే అయినా, పొద్దున ఫుడ్ బ్యాంకు తలుపు తీయకముందే పెద్ద డబ్బాతో నా సంచీ నింపి బల్ల కింద పెట్టుకున్నాను.

అందరూ చూస్తుండగానే దాన్ని బయటికి లాగి, ముడి విప్పి, ఆవిడ సంచీలోకి ఒంపాను. ఎంత పడిందో కొలవలేదు.