కోడికి పెట్టిన ఫ్యాను

"జాగ్రత్త, ఆ కోడిని కదపకు. దానికి రెస్టు కావాలి" అన్నాడు మా ఆయన.

అన్నది నాతో. నేనప్పుడు రెండు చేతుల్లో రెండు దాణా బకెట్లు మోసుకుంటూ షెడ్డులోకి పోతున్నాను. కోడేమో మా వసారాలో, నీడలో, మెత్తగా ఊక పోసిన బుట్టలో కూర్చుని ఉంది. దాని పక్కన స్టూలు, స్టూలు మీద ఫ్యాను. మా వంటింటి టేబుల్ ఫ్యానే. ఇందాక నేను పప్పుకి తాలింపు పెడుతుంటే నా వెనకనుంచి ప్లగ్గు పీకి పట్టుకెళ్ళాడు. అడగలేదు. "నీకంటే దానికే అవసరం" అని కూడా అనలేదు. అలా అన్నా బాగుండేది, కనీసం ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసినట్టయ్యేది.

కోడిని చూసి కుళ్ళుకునే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? నన్ను చూడండి. పేరు నాగదుర్గ. తాడేపల్లిగూడెం నుంచి అత్తిలి వెళ్ళే రోడ్డులో మా లేయర్ ఫారం, గుడ్ల కోళ్ళది. అందరూ సూర్యనారాయణ గారి ఫారం అంటారు. పొద్దున్నే అక్కడ కనబడేది నేనూ, యేసమ్మా. యేసమ్మ కూలికొస్తుంది. ఆమెకి ఆదివారం చర్చి ఉంది, ఆ రోజు రాదు, ఎవరూ ఏమీ అనరు. యేసమ్మని చూసి కూడా కుళ్ళే నాకు. నాకు ఏ దేవుడూ ఒక ఆదివారం రాసివ్వలేదు.

కానీ కోళ్ళ మీద కుళ్ళు వేరు. అది ఏళ్ళ తరబడి పేరుకున్నది. ఎండ ముదిరితే వాటి షెడ్డు కప్పు మీద స్ప్రింక్లర్లు నీళ్ళు చిమ్ముతాయి, లోపల ఫాగర్లు మంచు చల్లినట్టు చల్లుతాయి, తాగే నీళ్ళలో సత్తువకి పొడి కలుపుతాం. కలిపేది నేనే. కరెంటు పోతే జనరేటరు. దాని వైరు షెడ్డు దాకా వెళ్ళి అక్కడే ఆగింది. ఇల్లు ఆ పక్కనే, నాలుగడుగులేస్తే మా వంటగది, పైన రేకులు. "ఇంటికి కూడా ఒక లైను లాగించండి" అంటే, "వాటికి గాలాడకపోతే చస్తాయే" అన్నాడు. నేను చావను కదా. అదీ లెక్క.

పోనీ, అసలు సంగతికొస్తాను.

వారం నుంచీ షెడ్డులో కోళ్ళు పోతున్నాయి. కొత్త బ్యాచి, ఇప్పుడిప్పుడే గుడ్డుకొస్తున్న పడుచు పెట్టలు. అందుకని ఈ పొద్దున ఏలూరు నుంచి డాక్టరు ఇందు గారిని పిలిపించాడు. ఆవిడ నాకంటే చిన్నది. కారు తనే నడుపుకుంటూ వచ్చింది. మా ఆయన ఎదురెళ్ళి, కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. ఆ తువ్వాలు ఉతికేది నేను. ఆ కుర్చీలో నేను కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు.

చచ్చిన పెట్టనొకదాన్ని బల్ల మీద పేపరు పరిచి కోసింది. నేను నీళ్ళు పోస్తూ నిలబడ్డాను. లోపల పచ్చసొనలు ద్రాక్షగుత్తిలా ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ, రేపటిదీ ఎల్లుండిదీ అన్నట్టు వరసగా. వాటి కింద పొడుగాటి గొట్టం, చివర గుడ్డుకి పెంకు పట్టే సంచి. ఆ సంచి ఉండాల్సిన చోట లేదు. బయటికి జారి, చీలికలై ఉంది.

"సూర్యనారాయణ గారూ, గుడ్డు పెట్టేటప్పుడు ఇది కొంచెం బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళిపోవాలండీ. వీటికి వెళ్ళట్లేదు. ఎర్రగా కనబడేసరికి పక్కవి పొడుస్తున్నాయి. చచ్చేదాకా పొడుస్తాయి."

"ఎందుకొచ్చిందండీ ఇలా?"

"మీరే తెచ్చారు. ఒళ్ళు రాకముందే లైటు పెంచేశారు. వెలుతురు ఎక్కువసేపుంటే గుడ్డుకి తొందరపడతాయి, నిజమే. కానీ ముందు అవి ఎదగాలి కదండీ. ఎదగని ఒంటితో గుడ్లు పెట్టించారు."

మా ఆయన తలవంచుకున్నాడు. "తప్పేనండీ" అన్నాడు.

ఆ మాట ఆ నోట ఎప్పుడూ వినలేదు నేను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి, పొరపాటున, నిద్రలోనైనా అనలేదు. తప్పేనండీ. కోళ్ళ కోసం చెప్పాడు.

"ఇప్పుడేం చేయమంటారు మేడం గారూ?"

"కొన్నాళ్ళు లైటు పెంచకండి, బల్బులు తగ్గించండి. ఇలా జారినవాటిని విడిగా తీసి, కడిగి మందు రాసి, చల్లగా పడుకోనివ్వండి. గుడ్లు తగ్గుతాయి. తగ్గినా ఫర్వాలేదు, ముందు ప్రాణం."

"అలాగేనండీ, అలాగే."

అదుగో, అప్పుడే వంటింటి ఫ్యానుకి కాళ్ళొచ్చాయి.

నాకేం కుళ్ళో ఇంకా చెప్పలేదు కదూ. చెప్తాను, సిగ్గేముంది. నాకూ జారింది. గర్భసంచి. ఇంటరు మధ్యలో మాన్పించి పెళ్ళి చేశారు, ఏడాది తిరక్కుండా పెద్దది పుట్టింది, పచ్చి ఒంటితోనే గుడ్ల అట్టలు మోశాను. పిల్లాడు పుట్టాక దాణా బస్తాలు కూడా లాగాను. ఇప్పుడు తుమ్మితే భయం, దగ్గితే భయం, కింద కూర్చుని లేవాలంటే భయం. పాత చీర ముక్క మడతపెట్టి బిగించి కట్టుకుని తిరుగుతున్నాను. గూడెంలో లేడీ డాక్టరు చూసి, బరువులెత్తకూడదమ్మా, ఏలూరు పెద్దాసుపత్రికెళ్ళి ఆపరేషన్ చేయించుకో అంది. వచ్చి మా ఆయనకి చెప్పాను.

"ఈ బ్యాచి గుడ్డు బాగా అందుకోనీ, చూద్దాం" అన్నాడు.

ఆ బ్యాచి అందుకుంది, ముదిరింది, లారీ ఎక్కిపోయింది. "కొత్త పిల్లలు దిగాయి కదే, వీటిని ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ పిల్లలే ఈ పెట్టలు. తెల్లారకముందే లేచి షెడ్డులో లైట్లేసేది నేనే. టైమరు చెడిపోతే బాగుచేయించలేదు, "నువ్వు ఎలాగూ లేస్తావుగా" అన్నాడు.

మా అత్తగారు వీరరాఘవమ్మ గారైతే ఇంకో అడుగు ముందుకేశారు. "మేము కాన్పైన నెలకే ఊడుపుకెళ్ళాం. మాకేం జారలేదమ్మా. ఇప్పటి పుట్టిళ్ళవాళ్ళు సంచులు కూడా గట్టిగా కుట్టి పంపట్లేదు" అని పక్కింటావిడ ముందు అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సరే, దాణా వేసొచ్చాను. డాక్టరు గారు కాఫీ తాగుతున్నారు, మా ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, నీళ్ళలో ఏ మందు ఎంత కలపాలో అడుగుతున్నాడు. ఎంత ఓపిక! ఎంత మెత్తటి గొంతు! ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. నాకు ఎక్కడ నొప్పి అని ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి అడిగి ఉంటే!

బుట్ట దగ్గరికెళ్ళాను. కోడి కళ్ళు సగం మూసుకుంది. గాలికి దాని మెడ మీద ఈకలు లేస్తున్నాయి. సుఖంగా ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు. చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదికెళ్ళింది. ఆపేద్దామనే వెళ్ళింది, అబద్ధం ఎందుకు. దీన్ని తీసుకెళ్ళి మళ్ళీ షెడ్డులో ఆ బోనులో పడేస్తే, పక్కవి పొడిస్తే, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

ఎవరికి తెలుస్తుంది? దేనికి తెలుస్తుంది?

కోడి కొంచెం కదిలింది. తోక కింద మందు రాసిన చోటు ఎర్రగా కనబడింది. రోజూ స్నానాల గదిలో నా చేత్తో నేను లోపలికి నెట్టుకునేది ఆ రంగే. స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాను. కుళ్ళు పోయిందనుకునేరు, పోలేదు. ఇంకా పెరిగింది. దీని ఫ్యాను ఆపితే నాకేమొస్తుంది? ఇంట్లో ఇద్దరికి జారింది, ఒకదానికి రెస్టు ఇచ్చారు. రెండోది నేను. నాకూ కావాలి. అంతే.

చేతులు కడుక్కున్నాను. లోపలికెళ్ళి చీర మార్చుకుని, ఒక సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని బయటికొచ్చాను. డాక్టరు గారు కారు తలుపు తీస్తున్నారు.

"నన్ను కూడా తీసుకెళ్తారా అండీ?"

"ఎక్కడికండీ?"

"ఆసుపత్రికి. నాకూ అదే వచ్చింది. ఆ బుట్టలో కోడికొచ్చినదే."

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత దాణా బకెట్ల వైపు చూసింది. "అయ్యో, నేను కోళ్ళ డాక్టర్నండీ" అంది నెమ్మదిగా.

"తెలుసండి. కారు ఏలూరు వైపేగా?"

ఆవిడ ముందు సీట్లో ఉన్న తన పెట్టె తీసి వెనక పెట్టింది.

మా ఆయన గబగబా వచ్చాడు. "ఏంటే ఇది, మేడం గారి ముందు? చూద్దామన్నాను కదా!"

"చూశారు కదండీ, పొద్దున. డాక్టరు గారు కోసి చూపించారు కదా."

"పిచ్చా నీకు? సాయంత్రం గుడ్లు ఎవరేరతారు? రేపు లైట్లు ఎవరేస్తారు?"

వసారాలోంచి మా అత్తగారు, "వంటో?" అన్నారు.

"గుడ్లు తగ్గుతాయండీ" అన్నాను. "తగ్గినా ఫర్వాలేదన్నారుగా డాక్టరు గారు. మీరు అలాగేనండీ అన్నారు కూడా."

సీట్లో మెల్లగా, ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. అలాగే కూర్చోగలను నేను. మా ఆయన విసురుగా వసారా వైపు తిరిగి ఫ్యాను వైరు పట్టుకున్నాడు. నా మీద కోపం ఆ కోడి మీద చూపిస్తాడు, నాకు తెలుసు. అద్దం దించాను.

"అది తీయకండి, కోడికే ఉండనివ్వండి" అన్నాను. "నేనొచ్చేలోపు వంటింట్లోకి ఇంకోటి కొనండి."