లాభం, రెండు, మూడు

నేను ఒక డిస్క్ కంట్రోలర్ కార్డును. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. అరచేయంత పచ్చ పలక, దాని మీద ఒక చిప్పు, పక్కన చిన్న బ్యాటరీ, ఇంతే నా ఒళ్ళు. సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ లోపల కూర్చుని ఎనిమిది డిస్కుల చేత కలిసి కాపురం చేయించడం నా ఉద్యోగం. మీరు ఒక ఫోటో దాచమంటే దాన్ని ముక్కలు చేసి ఎనిమిదింటికీ పంచుతాను. ఒక డిస్కు చచ్చిపోతే మిగిలిన ఏడింటినీ అడిగి, పోయినదాంట్లో ఏముండేదో లెక్క కట్టి చెప్పేస్తాను. రెండు పోతే మాత్రం నా వల్ల కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తరువాత పని పడుతుంది.

నాతో మాట్లాడటానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద ఆదేశం టైపు చేసి ఎంటర్ కొట్టాలి. 'దయచేసి' అని నాకు ఇంతవరకు ఎవరూ రాయలేదు. 'నిజంగానే చేయమంటారా?' అని నేనూ పెద్దగా అడగలేదు. ఇంకో సంగతి, నా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఎనిమిది డిస్కులుంటే వాటి నంబర్లు సున్నా నుంచి ఏడు దాకా. మీరు మాత్రం, పుట్టిన బిడ్డకు మొదటి రోజునే ఏడాది నిండిందంటారా?

సముద్రాలవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఒక అమ్మాయి నన్ను భూతద్దం కింద తిప్పి తిప్పి చూసి, బాగుందని ముద్ర వేసింది. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు తరువాత దొరకలేదు. అక్కడి నుంచి హైదరాబాదులో ఒక పెళ్ళి సంబంధాల కంపెనీకి వచ్చాను. లక్షల జాతకాలు నా గుప్పిట్లో ఉండేవి. ఎత్తు గురించి అబ్బాయిలూ, వంట గురించి అమ్మాయిలూ రాసిన అబద్ధాలను ఒక్క అక్షరం పోకుండా కాపాడాను. ఊరందరికీ జోడీలు కుదిర్చిన ఆ కంపెనీ, దాని భాగస్వాములిద్దరికీ పొసగక మూతపడింది. సర్వర్‌తో సహా నన్ను ఎవరో చవగ్గా కొని గోదావరి జిల్లాలో ఒక వరి విత్తన కేంద్రానికి అంటగట్టారు.

ఆ కేంద్రంలో ఏసీ ఉన్నది ఒక్క విత్తనాల గదిలోనే. అందుకని నన్నూ అక్కడే, వడ్ల డబ్బాల పక్కన పెట్టారు. ఆ గదికి రాజు, అబ్బులు గారు. ముప్పై ఏళ్ళుగా అక్కడ విత్తనాలు కొలిచే మనిషి. కేంద్రం పెద్ద డాక్టర్ రత్నమాణిక్యం గారు. పన్నెండేళ్ళపాటు లంకలూ మెట్టలూ తిరిగి రెండువందల నలభై నాటు వరి రకాలు సేకరించారావిడ. విత్తనాల డబ్బాల మీద నంబర్లు మాత్రమే ఉండేవి. ఏ నంబరు ఏ వడ్లు, ఎన్నాళ్ళకు పండుతాయి, ముంపులో ఎన్ని రోజులు బతుకుతాయి అన్న వివరమంతా నా దగ్గరే. నేను పోతే ఆ డబ్బాల్లో ఉన్నవి ఉత్త వడ్లు. బ్యాకప్ లేదా అని మీరడుగుతారు. ఎందుకు లేదు? 'బ్యాకప్' అని పేరు పెట్టిన ఫోల్డర్ శుభ్రంగా ఉంది, నా ఎనిమిది డిస్కుల్లోనే.

వచ్చిన కొత్తలో డిస్కులకు వరసగా నంబర్లు అంటించమన్నారు మేడం గారు. ఆ కేంద్రంలో చీటీ అంటించే పని ఏదైనా అబ్బులు గారిదే. గుండ్రటి అక్షరాలతో రాసి, ఎడమ నుంచి కుడికి అంటించుకుంటూ పోయారు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది.

మేడం గారు నవ్వాపుకోలేక, "ఇదేంటి అబ్బులు గారూ, ఏడు ఏమైంది?" అన్నారు.

"ఇత్తనాల కొట్లో ఏడు అని ఎలా రాత్తామండీ? ఏడిత్తే మొలకొత్తుందా?" అన్నారాయన. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదట, లాభం అనాలట. ఏడు దగ్గరికి వస్తే ఆరున్నొకటి అనాలట. నేను లోపల తెగ నవ్వుకున్నాను. మొదటిదాన్ని సున్నా అనే నాకు నవ్వే హక్కు ఉందో లేదో మీరే చెప్పండి. పోనీ చీటీలు పక్కగా అంటించారా అంటే అదీ లేదు. ప్రతి డిస్కుకూ ముందు ఒక చిన్న దీపం ఉంటుంది, ఏది జబ్బుపడిందో చూపించడానికి. జిల్లేడు ఆకంత చీటీలు సరిగ్గా ఆ దీపాల మీదే పడ్డాయి. కళ్ళు పొడిచే ఆ మిణుకుమిణుకులు పోయాయని ఆయన సంతోషించారు కూడా.

ఐదేళ్ళు హాయిగా గడిచాయి. ఒక జూలైలో గోదావరి పొంగి లంకల్లో నారుమళ్ళన్నీ మునిగాయి. అదే వారంలో నా ఆరో నంబరు డిస్కు కన్నుమూసింది. నేను గోల చేశాను. కీ... కీ... అని నా గొంతు చాలా పెద్దది. అబ్బులు గారు ఎలక పడిందనుకుని పూటంతా డబ్బాల వెనక కర్రతో వెతికారు. చివరికి రాజమండ్రిలో ఉండే ఇంజనీరు రాజమల్లుకు ఫోన్ చేశారు. కరీంనగర్ మనిషి, మాటా చేయీ రెండూ చురుకు. అక్కడి నుంచే నా తెర తెరిచి మొట్టమొదట ఇచ్చిన ఆదేశం నా నోరు మూయమని. నన్ను ఏలిన ప్రతివాడూ మొదట నేర్చుకున్నది అదొక్కటే. మూసుకున్నాను.

మర్నాడు పదకొండింటికి కొత్త డిస్కు పట్టుకుని దిగాడు. అప్పటికే వరండాలో లంక రైతులు పదిమంది కూర్చుని ఉన్నారు. వారంలో మళ్ళీ నారు పోయకపోతే సార్వా పంట దక్కదు. నీళ్ళలో నిలిచే రకం ఏదైనా ఇమ్మని మేడం గారి దగ్గరకు వచ్చారు. ఆవిడ వాళ్ళకోసం జాబితా తెరిచి వెతుకుతున్నారు. రాజమల్లు నన్ను అడిగాడు, ఏది పోయిందని. ఆరు అన్నాను. దాని దీపం వెలిగించమన్నాడు. వెలిగించాను, చీటీ కింద. అతనికేమీ కనిపించలేదు.

"పాత సామాన్ గదా, లైట్లు గూడ పోయినట్టున్నయ్. ఇగో, గీ ఆరు ఖరాబైంది మేడం. రెండు నిమిషాల్ల మార్చేస్త," అంటూ 'ఆరు' అన్న చీటీ ఉన్న డిస్కు పిడి పట్టాడు. అది నా ఐదు, గుండ్రాయిలా ఉన్న డిస్కు. అరుద్దామంటే నా నోరు మూయించి పెట్టారు. అతను లాగేశాడు.

రెండు పోతే నా వల్ల కాదని మొదటే చెప్పాను కదా. జాబితా సగంలో నిలిచిపోయింది. ఇంకో నిమిషానికి అదీ లేదు.

"రాజమల్లూ, ఏం చేశారు?" అన్నారు మేడం గారు. ఆ గొంతు విని నాకు భయం వేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరినీ గట్టిగా కసరడం అబ్బులు గారు కూడా ఎరగరు.

రాజమల్లు తెర చూశాడు. ఆరు చచ్చింది, ఐదు లేదు అని రాశాను. "అరే, ఐదెట్ల పోయింది? నేన్ తీసింది ఆరు గదా!" అని చీటీల వంక ఇప్పుడు సరిగ్గా చూశాడు. "పెద్దాయనా, ఏందిది? ఒకటి లేదు, ఏడు లేదు. గిదేం లెక్క?"

"మా కొలత అంతేనండి బాబూ," అన్నారు అబ్బులు గారు. వేలితో ఒక్కొక్క డిస్కునే తాకుతూ, వడ్లు కొలిచే రాగంలో మొదలుపెట్టారు. "లాభం... రెండు... మూడు..."

రాజమల్లు పక్కనే నిలబడి నా లెక్క చెప్పాడు. "సున్న... ఒకటి... రెండు..." ఇద్దరూ అలా పోతూ పోతూ, పెద్దాయన "ఆరు" అన్నప్పుడు చిన్నవాడు "ఐదు" అన్నాడు. పెద్దాయన "ఆరున్నొకటి" అన్నారు. చిన్నవాడు "ఆరు" అని ఆగిపోయాడు. ఆ చీటీ గోటితో పీకాడు. కింద నా ఎర్రదీపం, అతను వెలిగించమన్నప్పటి నుంచీ మిణుకుతూనే ఉంది.

తీసిన డిస్కును తిరిగి దాని గూట్లో పెట్టారు. నేను తెర మీద 'పరాయిది' అని రాశాను. మేడం గారికి కడుపు మండింది. "ఐదేళ్ళు ఇక్కడే ఉన్నదాన్ని పరాయిదంటుందేంటి ఇది?" అన్నారు. ఏం చేయను, నా చట్టం అది. గడప దాటి పోయి వచ్చినదాన్ని ఎవరైనా మనదే అని పూచీ పడేదాకా లోపలికి రానివ్వను. అప్పుడు నాకు ఇవ్వగలిగిన ఆదేశాలు రెండు. ఒకటి, దాన్ని కలుపుకో అని. రెండోది, దాని మీద ఉన్న గుర్తులన్నీ తుడిచేయి అని, అప్పుడిక జాబితా లేనట్టే. రెండూ రాయడానికి తేడా ఒక్క మాట. ఏది రాసినా ఎదురు చెప్పకుండా చేస్తాను, ఆ పాపిష్టి అలవాటు నాకుంది.

రాజమల్లు ఒక్కొక్క అక్షరమే టైపు చేశాడు. మేడం గారిని పైకి చదవమన్నాడు. ఆవిడ రెండుసార్లు చదివారు. వేలు ఎంటర్ మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

"లాభం అనుకుని నొక్కేయండి బాబూ," అన్నారు అబ్బులు గారు.

"లాభం," అన్నాడు రాజమల్లు. నొక్కాడు.

కలుపుకున్నాను. జాబితా ఆగిన వరుస దగ్గరే మళ్ళీ తెరుచుకుంది. నూట నలభై మూడో నంబరు, ముంపు బుడమ, పన్నెండు రోజులు నీళ్ళలో ఉన్నా చావదు. మేడం గారు కళ్ళు తుడుచుకుని వరండాలోకి పరుగెత్తారు. కొత్త డిస్కు ఈసారి ఆరున్నొకటిలోకి వెళ్ళింది. దాన్ని నింపడానికి నాకు ఒక పగలంతా పట్టింది. తెర మీద శాతం చదువుతూ కూర్చున్న అబ్బులు గారు ఆరు శాతం తరువాత ఏమన్నారో మీకు చెప్పనక్కర్లేదు.

చీటీలు మార్చి సున్నా నుంచి రాద్దామన్నాడు రాజమల్లు. విత్తనాల కొట్లో సున్నా ఏంటని పెద్దాయన ఒప్పుకోలేదు. చివరికి చీటీలు దీపాల పక్కకు జరిగాయి, రాతలు అలాగే ఉన్నాయి. బ్యాకప్ కూడా వేరే ఊరికి వెళ్ళింది.

రెండేళ్ళకు కొత్త సర్వర్ వచ్చింది. నన్ను పాత ఇనుముకు వేయబోతే అబ్బులు గారు అడిగి తీసుకున్నారు. ఇప్పుడు ఆయన బల్ల మీద చీటీల కట్ట ఎగిరిపోకుండా బరువుగా ఉన్నాను. కరెంటు లేదు, ఆదేశాలు లేవు. లంక వాళ్ళు వచ్చినప్పుడు కుంచం గలగలమంటుంది. ఆయన రాగం తీస్తారు. నేనూ వెంట లెక్కపెడతాను. ఆయన ఆరున్నొకటి అనేసరికి నాది ఆరు. నా ఆరుకు ఒకటి కలపాలని ఆయన ఎప్పుడో రాసి, నా మొహం మీదే అంటించారు. నవ్వుకుంటూ కూర్చున్నాను కానీ చదివానా?

ఈమధ్య నేను సున్నా అనడం మానేశాను.