కొండకు డూప్

అలమార పై అరలో ఉన్న డబ్బా కోసం అతను చెయ్యి చాపాడు. చాపే ముందు ఎడమ భుజం కిందికి వాలింది, మడమ లేచింది, అంత పెద్ద ఒళ్లూ గిర్రున ఒక చుట్టు తిరిగింది. డబ్బా ఆ తర్వాతే చేతికొచ్చింది.

"డబ్బా దించడానికి కూడా ఇంత హంగామా ఎందుకండీ? అదేమన్నా పారిపోతుందా?" అంది భార్య.

అతను నవ్వేసి డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఆమె బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్లాలి. అతను మంచం అంచున కూర్చుని మోకాళ్లకు పట్టీ చుట్టుకోసాగాడు. ముందు కుడికాలు, తర్వాత ఎడమ. ఎడమ మోకాలికి ఎక్కువ చుట్లు కావాలి. రాత్రంతా అది సలుపుతూనే ఉంది. మంచం అతని పొడవుకు చాలక కాళ్లవైపు ఒక బల్ల జరిపి ఉంచారు. పెళ్లయిన కొత్తలో నాలుగు రోజుల కోసమని వేసిన బల్ల అది. అక్కడే పాతుకుపోయింది. అతని ఉద్యోగమూ అలాంటిదే.

బాస్కెట్‌బాల్ క్లబ్బులో అతను జీతం తీసుకునే ఆటగాడు, కానీ మ్యాచ్ ఆడడు. ప్రత్యర్థి జట్టులో ఒక మహా ఆటగాడున్నాడు, జనం ముద్దుగా కొండ అంటారు. కొండను ఆపడం నేర్చుకోవాలంటే కుర్రాళ్లు రోజూ ఒక కొండతో తలపడాలి కదా. అసలు కొండ రమ్మంటే రాడు కనక, క్లబ్బువాళ్లు ఇతన్ని పెట్టుకున్నారు. కొండలా నడవడం, కొండలా బంతి అందుకోవడం, రింగుకు వీపు పెట్టి, ఎడమ భుజం దించి, ఎడమ పాదం మీద బొంగరంలా తిరిగి కుడిచేత్తో బంతి వెయ్యడం, ఇదీ పని. అందుకే కోచ్‌కి అతను డూప్, కుర్రాళ్లకు డూపన్న, వాచ్‌మన్‌కు డూప్ సార్. సొంత పేరు పెట్టి పిలిచే మనిషి ఇంట్లోనూ లేదు. ఆవిడకు 'ఏమండీ' చాలు.

అతను క్లబ్బుకు చేరేసరికి క్యాంటీన్ టీవీ ముందు జనం మూగి ఉన్నారు. కొండ ఆట మానేశాడు. తెర మీద మైకుల ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అంతలో తెర రెండుగా చీలింది. ఒకవైపు పంతొమ్మిదేళ్ల వయసులో కొండ, ఇంకోవైపు ఈ క్లబ్బు కుర్రాడు, అందరూ తాడి అని పిలిచే పొడుగు పిల్లాడు. ఎవరి చేతులెంత పొడవు, ఎవరెంత ఎత్తు ఎగురుతారు, ఈడు జోడు చూసే పెళ్లిళ్ల పేరయ్యల్లా కోటు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు బేరీజు వేస్తున్నారు. చివరికి, ఆ వయసు కొండ కంటే ఈ కుర్రాడే ఒక పిసరు మెరుగని తేల్చారు.

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. మన తాడే కొండ తలదన్నేటట్టున్నాడు!" అన్నాడు వంటవాడు. అందరూ తాడి వీపు చరిచారు. వాడు చెవులు ఎర్రబడి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

డూప్ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కొండే లేకపోతే కొండకు డూప్ ఎందుకు? ఈ సంగతి గదిలో ఇంకెవరికీ తట్టినట్టు లేదు.

తెర అలా రెండుగా చీలడం అతనికి కొత్త కాదు. అతనిదీ కొండదీ ఒకే ఈడు. పంతొమ్మిదో ఏట ఒక శిక్షణ శిబిరంలో పక్కపక్క మంచాల్లో పడుకున్నారు. అప్పుడొక పత్రిక ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన వేసి, వీళ్లలో ఎవరు గొప్పవాడవుతాడని అడిగింది. సగం మంది ఇతని పేరే చెప్పారు. కొంప ముంచింది ఆ సగం మందే. ఆ కొండ తిరుగుడు కూడా పట్టుకున్నావంటే ఇక నీకు ఎదురులేదని అప్పటి కోచ్ చెవినిల్లు కట్టుకుని పోరాడు. పట్టుకున్నాడు. ఆపైన కొండ పరుగు, కొండ చూపు, బంతి అడిగేటప్పుడు కొండ వేలు ఊపే తీరు. ఎంత నేర్చినా కొండకు ఒక మెట్టు కిందే తేలాడు. రెండేళ్లకు అదే పత్రిక, పులిని చూసి నక్క వాత పెట్టుకుందని రాసింది. ఆ కాగితం ఇంట్లో ఎవరి కంటా పడకుండా అతనే పొయ్యిలో పెట్టాడు.

మధ్యాహ్నం కోచ్ అతన్ని కోర్టు పక్క మెట్ల మీదికి పిలిచాడు.

"యజమాని ఫోన్ చేశాడు. కొండ కోసం పెట్టుకున్న మనిషి ఇంకెందుకు అంటున్నాడు."

"అవును సార్."

"నువ్వు ఒట్టి డూప్‌వి కాదు, ఆటగాడివని చెప్పాను. సాయంత్రం ఆయనొచ్చి చూస్తానన్నాడు. తాడికి ఎదురు నిలబడు. కొండను మర్చిపో, నీ ఆట ఆడు. వాణ్ణి కాస్త ముప్పుతిప్పలు పెట్టావంటే నిన్ను ఉంచే పూచీ నాది."

కోచ్ మంచివాడే. చెడ్డవాడైతే అతన్ని తిట్టుకునైనా డూప్ బతికేవాడు.

అందరూ భోజనాలకు పోయాక అతను బంతి పట్టుకుని ఒంటరిగా కోర్టులో నిలబడ్డాడు. నీ ఆట ఆడు. ఏది ఆ ఆట? ఎంతసేపు నిలబడ్డా ఒళ్లు ఏమీ చెప్పలేదు. గోడకు ఆనుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"శిబిరానికి వెళ్లకముందు మీ వీధి చివర ఆడేవాణ్ణి కదా, నువ్వు మేడమీంచి చూసేదానివి. అప్పుడు నేనెలా ఆడేవాణ్ణి?"

"ఇదేం ప్రశ్నండీ, ఇక్కడ లైన్లో జనం ఉన్నారు."

"బంతి అందాక ఎటు తిరిగేవాణ్ణి? అదొక్కటి చెప్పు."

కిటికీ అవతల ఎవరో బస్సెప్పుడని గొడవ చేస్తున్నారు. ఆమె వాళ్లకు జవాబిచ్చి మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"ఎటు తిరిగేవారో నాకేం తెలుసు? నవ్వుతూ ఆడేవారు. బంతి పోయినా నవ్వేవారు. వీడేమన్నా పిచ్చోడా అనేవాడు మా అన్నయ్య. నాకు అదే గుర్తుంది. ఏమైందసలు?"

"ఏం లేదు. సాయంత్రం చెప్తా."

సాయంత్రం యజమాని కుర్చీ వేయించుకుని కోర్టు గీత పక్కనే కూర్చున్నాడు. కుర్రాళ్లు గోడవారన చేరారు. డూప్‌కు బంతి ఇచ్చారు. వెనక తాడి ఊపిరి మెడకు తగులుతోంది. అతను కదలబోయాడు, ఎడమ భుజం వాలింది. తాడి ఆ తిరుగుడు రోజూ చూసేదే, అరచేత్తో బంతిని కొట్టేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి పంటి బిగువున భుజాన్ని పట్టి ఉంచాడు. భుజం ఆగింది గాని కాళ్లు ఆగలేదు. ఎడమ పాదం తిరగబోయింది, కుడిది అడ్డం వచ్చింది, అంత మనిషీ దభీమని నేల మీద పడ్డాడు. గోడవారన ఒకడు కిసుక్కున నవ్వి, ఎవరూ కలవకపోయేసరికి నోరు మూసుకున్నాడు.

మోకాలికంటే అవమానం ఎక్కువ నొప్పి పెట్టింది. ఇన్నేళ్లుగా కొండ ఆటను ఉద్యోగం కోసం వేసుకున్న చొక్కా అనుకున్నాడు. ఇంటికెళ్లాక విప్పేస్తే లోపల తానుంటాడనుకున్నాడు. విప్పితే లోపల ఎవరూ లేరు.

తర్వాత తాడి వంతు. వాడు బంతిని నెత్తిన పెట్టుకుని, రెండు కాళ్లూ కూడదీసుకుని, కప్పలా పక్కకు గెంతి ఎడమచేత్తో విసిరాడు. చూడ్డానికి వికారంగా ఉంది. బంతి రింగులో పడింది. వాడు గాల్లో ఉండగానే నవ్వాడు.

యజమాని లేచి డూప్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కోపంగా లేడు.

"నీకు వచ్చింది ఆ ఒక్కటేనని తెలిసిపోయింది. ఫరవాలేదు, అదే నాక్కావాలి. జనం కొండను చూడ్డానికి అలవాటు పడ్డారు. వీడి చేత ఆ కప్పగంతులు మాన్పించి కొండను చెయ్యి. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

డూప్‌కు ప్రాణం లేచొచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

తాడి అయితే ఎగిరి గంతేశాడు. "నేర్పన్నా, ఇప్పుడే నేర్పు."

అతను వాడి వెనక నిలబడి ఎడమ భుజాన్ని అరచేత్తో కిందికి నొక్కాడు. పాదం ఎక్కడ ఉంచాలో చూపించాడు. వాడు చురుకైనవాడు, ఇట్టే పట్టేశాడు. రెండోసారికే తిరుగుడు దాదాపు కుదిరింది, బంతి కూడా పడింది. కానీ వాడి పళ్లు బిగుసుకున్నాయి. కళ్లు పాదాల మీదే ఉన్నాయి. బంతి పడ్డాక కూడా వాడు నవ్వలేదు. సరిగ్గా చేశానా అన్నట్టు డూప్ మొహంలోకి చూశాడు. ఆ చూపు అతనికి బాగా తెలుసు.

చెయ్యి దానంతటదే వాడి భుజం మీంచి లేచింది.

"వద్దులే."

"ఏం, తప్పు చేశానా?"

"లేదు. సరిగ్గానే ఉంది. నువ్వు నీ గంతే వెయ్యరా. అది ఇంకెవరికీ రాదు."

"అందరూ నవ్వుతారన్నా."

"నువ్వూ నవ్వుతావుగా. అదే పోగొట్టుకోకంటున్నా."

తాడి మొహం మాడ్చుకున్నాడు. "నేను కొండంతవాణ్ణవడం నీకిష్టం లేదు. నువ్వు కాలేకపోయావని."

మాట సూటిగా తగిలింది. అందులో కాస్త నిజం ఉందేమోనని కూడా అతనికి భయమేసింది.

"దూరపు కొండలు నునుపురా. నేను వాడి పక్క మంచంలో పడుకున్నవాణ్ణి. వాడి కాలికి ఆ తిరుగుడు పుట్టింది, దాని నొప్పి వాడు పడ్డాడు, పేరూ వాడికే వచ్చింది. నాకు నొప్పి ఒక్కటే వచ్చింది."

వాడు వినలేదు. బంతి తీసుకుని అవతలి రింగు దగ్గరికి పోయి, ఎడమ భుజం దించి మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు.

డూప్ కోచ్ గదికి వెళ్లి, అది నేర్పడం తన వల్ల కాదన్నాడు. కోచ్ ఒక కుర్చీ అతని వైపు జరిపాడు.

"ఇంట్లో ఏం చెప్తావు?"

"ఇంకా అనుకోలేదు సార్."

సంచీ సర్దుకుని అతను వీధిలోకి వచ్చాడు. కుంటుకుంటూ బస్టాండు దాకా నడిచి, భార్య కిటికీ ముందున్న లైన్లో చివర నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. ఆమె తలెత్తకుండానే "ఎక్కడికి?" అంది.

"ఇంటికి."

ఆమె తలెత్తి చూసింది. లోపల తన పక్కనున్న స్టూలు చూపించింది.

మర్నాడు తాడి అందరికంటే ముందే వచ్చాడు. బట్టలు మార్చుకునే గదిలో, బెంచీ కింద, డూపన్న బూట్లు అలాగే ఉన్నాయి. ఒకటి తొడిగి చూశాడు, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మళ్లీ విప్పి రెండిటినీ బోర్లా తిప్పాడు. కుడి బూటు అడుగున గరుకుగీతలు కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమదానికి బొటనవేలి కింద గుండ్రంగా అరిగి, లోపలి గుడ్డ కనిపిస్తోంది.