బుధు చేసిన మొదటి అరెస్టు

ఊళ్లో దొంగలు లేరని ఏడ్చినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? పనసగుడ బుధు ఏడ్చాడు. అరకు కొండల్లో ఆ ఊరు అంత మంచిది కాకపోయుంటే వాడి బతుకు ఎప్పుడో బాగుపడి ఉండేది.

సంగతేమిటంటే, ఆ ఏడు సర్కారు కొత్త చట్టమొకటి తెచ్చింది. కొండమీద ఊరికొక కానిస్టేబుల్. పనసగుడకి బుధుని వేసి ఖాకీ చొక్కా, బెల్టు, లాఠీ ఇచ్చారు. అరెస్టు చేసే అధికారమూ ఇచ్చారు, ఇచ్చి దానికో ముకుతాడు వేశారు: పైన అజమాయిషీ చేసే హెడ్డు కానిస్టేబుల్ ఎదురుగా ఉంటేనే చెయ్యాలి. ఏడాది తిరిగేలోగా ఒక్క అరెస్టయినా పద్ధతిగా చేసి చూపిస్తే సర్కిల్ గారు సర్టిఫికెట్ ఇస్తారు, ఉద్యోగం ఖాయం. లేదా, బెల్టు విప్పి ఇచ్చేసి రావాలి. బుధు వేసిన కాఫీ మొక్కలు చూస్తే ఇంకా మోకాలెత్తు రాలేదు. అవి కాపుకొచ్చేదాకా ఇంట్లో గంజి కాగాలంటే ఆ జీతమే దిక్కు.

ఎవర్ని పట్టాలి? కోడి పోతే పెద్దలు కూర్చుని తేల్చేస్తారు. తాగి అరిచినవాణ్ణి పెళ్లామే లోపలికి తోసి గడియ పెడుతుంది. ఆఖరికి బుధు పెళ్లాం సోని, "పోనీ నన్నే అరెస్టు చెయ్యరాదా, ఓ పూట కూర్చుంటాను" అంది.

హెడ్డు వరహాలరావుది పార్వతీపురం. మనిషి పొట్టి, నోరు పొడుగు. వచ్చినప్పుడల్లా ఒకటే పాఠం. "మాటకి లొంగితే సరే. లొంగకపోతే ఒంటి మీద సెయ్యి పడాల. సెయ్యి పడితేనే అరెస్టు. తెలిసిందేటి?" తెలిసింది. తెలిసి ఏం లాభం? చెయ్యి వెయ్యడానికి ఒళ్లే దొరకలేదు.

ఏడాది ఆఖరికి వచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గణపతిరావు పరీక్షకి వస్తానన్నారు. పోయి పోయి ఇటుకల పండగ నాడే వస్తానన్నారు! చైత్రంలో ఆ పండగొచ్చిందంటే మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకి పోవాలి. ఊరూ రోడ్డూ ఆడవాళ్లవి. రోడ్డుకి వెదురు అడ్డంపెట్టి వచ్చిన బండినల్లా ఆపుతారు. పండగ కానుక ఇస్తావా, దిగి మాతో ధింసా ఆడతావా? వేటకి పోకుండా ఊళ్లో నక్కిన మగాడికి పేడనీళ్ల స్నానం. డ్యూటీ ఉందని మిగిలిపోయిన బుధుకి పొద్దున్నే ఆ స్నానం అయిపోయింది. పాపం, చొక్కా ఉతుక్కుని, తడిదే తొడుక్కుని, బెల్టు బిగించి రోడ్డు మీద నిలబడ్డాడు.

జీపు వచ్చి ఆగింది. వెదురు కదల్లేదు. వెదురు మీద చెయ్యేసి యర్రమ్మ రోడ్డు మధ్యలో కూర్చుంది. ఆమె బుధుకి మేనత్త. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో ఆమె మాటకి ఎదురు లేదు.

వరహాలరావు జీపులోంచి దూకాడు. "ఒరే బుధూ, దేవుడు నీ కేసు తెచ్చి రోడ్డు మీద పెట్టాడ్రా! సర్కారు దారికి అడ్డం! బేగి అరెస్టు సెయ్యి, సర్కిల్ గారు సూత్తన్నారు."

బుధు వెదురు దగ్గరికి పరిగెత్తాడు. "అత్తా, లెగు. నా ఉద్యోగం పోతది."

"కానుకిస్తే లెగుస్తాను. లేపోతే మీ హెడ్డుని ఆడమను," అంది యర్రమ్మ.

"మాటకి లొంగలేదు కదా? సెయ్యెయ్యి!"

"అమ్మో, వద్దు సార్! మా ఊళ్లో మొగుడు లేని ఆడమనిషి మణికట్టు నలుగురిలో పట్టుకుంటే..."

"నువ్వు నాకు సెప్పొచ్చేవా? అరెస్టంటే ఎలాగో ఇలా సూసి నేర్సుకో!" అంటూ వరహాలరావు యర్రమ్మ మణికట్టు పట్టేసుకున్నాడు. యర్రమ్మ లాక్కోలేదు సరికదా, కడియం వెనక్కి తోసి మరీ ఇచ్చింది.

ఆడవాళ్లంతా ఒక్క కేక పెట్టారు. డప్పు మోగింది. ఎవత్తో పరిగెత్తుకొచ్చి హెడ్డు టోపీ మీద పసుపు బియ్యం పోసింది.

"ఏటిది? ఏటి సేత్తన్నారే మీరు?"

"అదే సార్ చెప్పబోయాను," అన్నాడు బుధు. "అలా పట్టుకుంటే ఏలుకుంటానన్నట్టే. పెళ్లి కింద లెక్క."

"వదిలేత్తాను!"

"పట్టి వదిలేస్తే ఇంకా తప్పు సార్. సాయంత్రం మగాళ్లు విల్లంబులతో దిగుతారు. వాళ్లకి సంజాయిషీ చెప్పాలి."

వరహాలరావుకి ముచ్చెమటలు పోశాయి. పార్వతీపురంలో ఆయన భార్య ముత్యాలమ్మ ఉంది. ఆమె ముందు ఆ పొడుగు నోరు పెగలదని స్టేషన్లో అందరూ ఎరుగుదురు. జీపులో సర్కిల్ గారు రుమాలు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు.

"బుధూ, నీ కాళ్లట్టుకుంటాన్రా, ఏదో ఒకటి సెయ్యి!"

బుధుకి జాలేసింది. ఎంత తిట్టినా తన హెడ్డే కదా. పెద్దల కట్టుబాటు ఒకటుంది: తప్పు చేశాడని ఒకరు పట్టి ఉంచిన మనిషికి, వాళ్లు వదిలేదాకా ఇంకొకరు పెళ్లి చెయ్యకూడదు. బుధు చెయ్యెత్తి హెడ్డు భుజం మీద వేశాడు.

"సార్, ఆడమనిషి చెయ్యి పట్టినందుకు మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను."

డప్పు ఆగిపోయింది. సర్కిల్ గారు జీపు దిగి వచ్చారు. "ఏమయ్యా, అరెస్టుకి హెడ్డు ఎదురుగా ఉండాలి కదా?"

"ఉన్నారు సార్. ఈయనే."

"అజమాయిషీ చేశాడా?"

"సేశాను సార్!" అని వరహాలరావే అరిచాడు. "దగ్గరుండి సేశాను! సెయ్యి కూడా పద్ధతిగానే పడింది! బేగి సంతకం పెట్టేయండి సార్!"

సర్కిల్ గారు జీపు బానెట్ మీదే సర్టిఫికెట్‌కి సంతకం పెట్టిచ్చారు. అది చేతికి రాగానే బుధుకి ఏడుపు తన్నుకొచ్చింది, అందరి ముందూ ఏడ్చేశాడు. యర్రమ్మ వాడి చెవి మెలేసింది. "ఎందుకేడుస్తావురా సన్నాసీ? ఇంక గంజి కాగుతుందిగా! నా చెయ్యి ఊరికే ఇచ్చాననుకున్నావా?"

"మరి ముద్దాయి సంగతో?" అన్నారు సర్కిల్ గారు. "ఊళ్లోవాళ్లు ఎవరైనా పూచీ ఉంటే ఇప్పుడే వదిలేయొచ్చు."

"నేనుంటాను బాబూ," అంది యర్రమ్మ చీర కుచ్చెళ్లు సవరించుకుంటూ. "మా ఇంటికే తీసుకుపోతాను."

వరహాలరావు రెండు చేతులా బుధు బెల్టు పట్టుకుని వేలాడాడు.

"ఒరే బాబూ, నన్నొదలకురా! గట్టిగా అట్టుకో!"