ఆరడుగుల అరుగు

వీపును అరుగు అంచుకు ఆనించి, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి బస్తా చెవులు పట్టుకున్నాడు నిట్రాడు. ఊపిరి బిగబట్టాడు. బస్తా కదిలి వీపు మీదికి వచ్చింది. అప్పుడు మోకాళ్లు నిలబెట్టాడు.

నలభై రెండేళ్లుగా పొద్దున్నే అతను చేసే మొదటి పని ఇదే. ఇందులో బలం కంటే ఎత్తు ముఖ్యం. అరుగు లారీ తొట్టి ఎత్తున ఉంటుంది, మనిషి వీపు ఎత్తున ఉంటుంది. లారీవాడు బస్తాలను అరుగు మీదికి దొర్లించి తన దారిన పోతాడు. వాటిని ఒక్కొక్కటిగా వీపున వేసుకుని సందుల్లోని కొట్లకు చేర్చడం హమాలీ పని. అరుగు ఉంటే ఒక్కడు చాలు. నేల మీద పడ్డ బస్తా వీపుకెక్కాలంటే ఎత్తడానికి ఇంకో ఇద్దరు కావాలి. కట్టినవాడికి ఈ సంగతి తెలుసు. కూలగొడుతున్నవాళ్లకు తెలియదు.

అరవై అడుగుల అరుగులో ఆరడుగులు మిగిలింది. మిగతాది నాలుగు రోజుల్లో పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. ఆ చోట ఎర్ర ఇటుకల బాట వేశారు. బాటకు అటూ ఇటూ సిమెంటు బెంచీలు. మధ్యలో కుండీలు, కుండీల్లో ఇంకా వేళ్లూనని మొక్కలు.

నిట్రాడు అన్న పేరు పడుచుతనంలో పడింది. ఇంటి కప్పును మోసే నడిమి గుంజలా ఉండేవాడు మరి. ఇప్పుడు నడుము దగ్గర వంగిపోయాడు. మెడ వెనక అరచేతి మందాన కాయ కాసింది. కుడి చెవి పైభాగం గోనె రాపిడికి అరిగి నున్నబడింది. పేరు ఒక్కటే నిటారుగా ఉంది.

అంగడి చచ్చిపోతోందని ఊరికి రెండేళ్ల కిందట తెలిసింది. కొత్త రోడ్డు ఊరు పక్కనుంచి పోయింది, కొనేవాళ్లు దాని వెంట పోయారు. అప్పుడు సంఘం పుట్టింది. పైనుంచి దిగినవాళ్లు కాదు, అందరూ ఊరివాళ్లే. పరాయివాడు చెడగొడితే నాలుగు తిట్టి దులుపుకోవచ్చు. మనవాడు మన మేలుకోరి చెడగొడితే ఏం చెయ్యాలి? సంఘానికి అధ్యక్షుడు మేష్టారు, ఉద్యోగం నుంచి దిగి పదిహేనేళ్లుగా ఏం తోచక కూర్చున్న మనిషి. కార్యదర్శి విత్తనాల షావుకారు. 'మన అంగడి మన చేతుల్లో' అని బట్ట మీద రాయించి కట్టారు.

బడిలో సమావేశం పెట్టారు. గోడకు అంగడి పటం తగిలించి మనిషికొక పచ్చచుక్క ఇచ్చారు. వెనకవైపు జిగురున్న చిన్న కాగితం. "ఈ అంగడిలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన చోట అంటించండి" అన్నారు. పదకొండుమంది హమాలీలు వరసగా వెళ్లి పదకొండు చుక్కలూ అరుగు మీదే అంటించారు. దీని జోలికి రావద్దని ఊరందరి ముందూ చెప్పామనుకున్నారు. నిట్రాడు తన చుక్క ఊడిపోకుండా బొటనవేలితో రెండుసార్లు అదిమాడు కూడా.

చుక్కలు ఎక్కడ ఎక్కువ పడితే బాగుచెయ్యడం అక్కడే మొదలు. ఆ మాట పటం కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. పదకొండుమందిలో ఒక్కడూ చదవలేదు. చదివి వినిపించాలని చదువుకున్నవాడికి ఒక్కడికీ తోచలేదు.

అరుగు పగలడం మొదలవగానే హమాలీలు మిల్లులకు చెదిరిపోయారు. నిట్రాడి జతగాడు అంతకుముందే పోయాడు, మనుషులు వెళ్లే చివరి చోటికి. మిల్లు మేస్త్రీ నిట్రాడి నడుము చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ ఆరడుగులు నిలిస్తేనే అతనికి రేపు పని. లేకపోతే లేదు.

విత్తనాల కొట్లో బస్తా దించి మొహం తుడుచుకున్నాడు.

"ఆ ఆరడుగులూ వదిలెయ్యమని చెప్పు షావుకారూ. నాలుగు బస్తాల చోటు చాలు నాకు."

"నా చేతిలో ఏముంది? అందరం కలిసి అనుకున్నది."

"ఆ అందరిలో నేను లేనా?"

"నువ్వే ముందున్నావు. నీ చుక్క ఉంది, చుక్క అంటిస్తుంటే తీసిన ఫోటో ఉంది. కాదనగలవా?"

"రేపట్నుంచి నీ బస్తాలు ఎవరు మోస్తారు?"

"చక్రాల బండి కొంటున్నాం."

"నీ కొట్టుకి ఏడు మెట్లున్నాయి. బండి ఎక్కుతుందా, బండిని కూడా నన్నే మొయ్యమంటావా?"

షావుకారు నవ్వాడు. నవ్వితే జవాబు చెప్పే పని తప్పుతుంది.

పదకొండు గంటలకు మేష్టారు వచ్చారు. ప్రతి బెంచీనీ అరచేత్తో నిమిరి చూశారు. మంచి మనిషి. ఎవరి రూపాయీ తినలేదు. అలాంటి మనిషి తప్పు చేస్తే పట్టుకోవడానికి ఎక్కడా పిడి దొరకదు.

"నాలుగింటికి ప్రారంభం. అందరికంటే ముందు నువ్వే కూర్చోవాలిరా. నీకోసమే కదా ఇదంతా."

"రెండో తరగతిలో ఏడాదంతా గోడకి నిలబెట్టారు మేష్టారూ. ఇప్పుడు కూర్చోమంటే నడుం ఒప్పుకోదు."

"అది ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"ఆరడుగులు వదలండి. అదీ మర్చిపోతాను."

మేష్టారి మొహం నిజంగానే చిన్నబోయింది. "నా ఒక్కడి మాట చెల్లదురా. మార్చాలంటే మళ్లీ సమావేశం పెట్టాలి, మళ్లీ అందరూ చుక్కలు అంటించాలి."

"ఈసారి చుక్క మీ నోటి మీద అంటిస్తాను" అన్నాడు నిట్రాడు. అని బస్తా కోసం వెనక్కి తిరిగాడు.

మధ్యాహ్నం కూతురు అన్నం తెచ్చింది. బాట వెంట సంఘం కట్టించిన కొత్త గదుల వరసలో మూడోది ఆమె కుట్టుమిషను గది, సంఘమే ఇచ్చింది. అంతకుముందు పక్కింటివాళ్ల వసారాలో కుట్టేది. ఆ గది మంచిదే. దానికి మంచి కిటికీ ఉంది. అది అబద్ధమని ఎవరూ అనలేరు.

"మేష్టారితో ఏంటి నాన్నా ఆ మాటలు? రేపు నా మొహం ఎలా చూపించను?"

"నీ గది నీకుంది. నా మాట నీదెందుకవుతుంది?"

"అరవై దాటాయి. ఇంకెన్నాళ్లు మోస్తావు? నేను లేనా?"

అతను ముద్ద మింగాడు. "మోయలేక మానేస్తే నీ చేతి కూడు తింటాను. మానిపిస్తే తినలేను."

ఆమె కోపంగా గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

రెండింటికి సమ్మెట పడింది. తాపీమేస్త్రీ మంచివాడే, కొట్టేముందు నిట్రాడి వైపు చూశాడు. నిట్రాడు అడ్డుపడలేదు. అడ్డం పడుకుంటే జనం మూగుతారు, ఆపైన ఇంటికి తీసుకుపోతారు. పాత అరుగు గట్టిది. ఆరడుగులు పగలడానికి గంట పట్టింది.

మూడు దాటాక షావుకారి విత్తనాల లారీ వచ్చింది. పొద్దున రావలసింది, ఆలస్యమైంది. డ్రైవరు దిగి అరుగు కోసం చుట్టూ చూశాడు.

"ఏదయ్యా మీ అరుగు?"

"బాగుచేశారు" అన్నాడు నిట్రాడు.

ఎనభై కిలోల బస్తాలు తొమ్మిది, మట్టిలోకి దొర్లాయి. షావుకారు ఎనిమిదో బెంచీ దగ్గర రిబ్బను కడుతున్నాడు. ఇటు చూసి చెయ్యి ఊపాడు, త్వరగా తీసెయ్యమని. డ్రైవరూ క్లీనరూ చెరో వైపు పట్టి ఒక్కో బస్తానూ నిట్రాడి వీపు మీదికి ఎత్తారు. ఎనిమిది చేరాయి. తొమ్మిదోది ఎత్తి, చేతులు దులుపుకుని, లారీ తీసుకుని వెళ్లిపోయారు.

ఇటుకల బాట సగంలో అతని ఊపిరి ఆగి ఆగి రావడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. బస్తా కింద పడేస్తే మళ్లీ ఎత్తేవాడు లేడు. హమాలీ అన్నవాడు బరువును నేలపాలు చెయ్యడు. పక్కనే ఎనిమిదో బెంచీ ఉంది, షావుకారు రిబ్బను కట్టి వెళ్లిపోయిన బెంచీ. దానికి వీపు తిప్పి, మోకాళ్లు వంచుతూ మెల్లగా దిగి, బస్తాను బెంచీ మీదికి చేర్చాడు. తర్వాత తాను కింద కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి బస్తాకు ఆనించాడు.

నాలుగింటికి మేష్టారు, ఫోటోలు తీసే అతనూ వచ్చారు. "చూశావా వీడి పంతం. బెంచీ ఉండగా కింద కూర్చున్నాడు" అన్నారు మేష్టారు. "లేరా, పైన కూర్చో. అందరూ చూస్తున్నారు."

నిట్రాడు లేవలేదు. అలిగాడని అందరూ అనుకున్నారు. కూతురు గదిలోంచి వచ్చి, విసుగ్గా భుజం పట్టుకుని కదిపింది. భుజం ఆమె చేతిలోకి ఒరిగిపోయింది.

ఆమె ఏడ్చింది. తర్వాత మేష్టారి వైపు చూసింది. "మీరు ఆరడుగులు వదలాల్సింది" అంది. మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

శవాన్ని తీసుకెళ్లారు. ప్రారంభం ఐదింటికి జరుపుకుందామన్నారు, పిలిచినవాళ్లు వచ్చి ఉన్నారు కనక. బస్తా అడ్డంగా ఉందని షావుకారూ తాపీమేస్త్రీ ఇంకో ఇద్దరు సభ్యులూ పట్టారు. తలో మూల పట్టి లాగారు. ఒక మూల లేస్తే మూడు మూలలు దిగాయి. షావుకారికి నడుము పట్టేసింది.

"హమాలీ ఎవరినైనా పిలవండి" అన్నాడు, ఒంగినవాడు ఒంగినట్టే.

పిలవడానికి ఎవరూ లేరు. రిబ్బను పక్క బెంచీ దగ్గరికి మార్చి కత్తిరించారు. చప్పట్లు కొట్టి, ఫోటో తీసుకుని, వెళ్లిపోయారు. ఎర్ర ఇటుకల బాట పక్కన కొత్త సిమెంటు బెంచీ నిండా ఆ విత్తనాల బస్తా కూర్చుంది. మనిషి తల ఆనిన మేర దాని గోనె చెమటకు నల్లబడి, ఇంకా ఆరలేదు.